కరెంటుకు లేచిన చెయ్యి

"కరెంటు పెట్టే ఆమె వచ్చిందా?" పొద్దున క్లినిక్ మెట్లెక్కుతుంటే రోజూ నా చెవిన పడే మాట ఇది. ఫిజియోథెరపీ అన్న మాట కరీంనగర్‌లో బోర్డుల మీద ఉంటుంది గానీ జనం నోళ్లలో ఉండదు. జనానికి తెలిసింది కరెంటు పెట్టుడు. నడుము పట్టేస్తే కరెంటు, మోకాలు అరిగితే కరెంటు, పక్షవాతం వస్తే కరెంటు. అన్నేళ్లు చదివి వచ్చి చివరికి కరెంటు పెట్టే ఆమెనయ్యాను. మొదట్లో ఒళ్లు మండేది. రోజూ వ్యాయామం చేయండి, అదే అసలు మందు అని నెత్తీ నోరూ కొట్టుకునేదాన్ని. ఎవరూ వినేవాళ్లు కాదు. పెట్టె మీద లైటు వెలగాలి, కండ కదలాలి, అప్పుడే వైద్యం జరిగినట్టు లెక్క. కొన్నాళ్లకు నేనూ వాదించడం మానేశాను. ఎవరికేది ఇష్టమో అది పెట్టి పంపించడం అలవాటు చేసుకున్నాను. ఆ అలవాటు మా అన్న కుడిచేతిని తినేసింది. ఇది దాని గురించే రాస్తున్నాను.

మాది మరమగ్గాల ఊరు. కరీంనగర్ నుంచి బస్సులో గంటకు పైగా పడుతుంది. మరమగ్గాన్ని మా ఊళ్లో సాంచ అంటారు. అన్న ఒక ఆసామి షెడ్డులో ఎనిమిది సాంచలు చూసుకునే కార్మికుడు. వదిన ఇంట్లో కూర్చుని బీడీలు చుడుతుంది. అవ్వ, బాపు పోయాక నాకున్న ఇల్లు వాళ్లదే. వారమంతా కరీంనగర్‌లో అద్దె గదిలో ఉండి, శనివారం సాయంత్రం బస్సెక్కి వాళ్ల దగ్గరికి పోయేదాన్ని. పుట్టింటికి పోతున్నానని తోటివాళ్లతో చెప్పుకునేదాన్ని.

ఒక వానాకాలం, కరీంనగర్‌లో నన్ను చూసి బండి మీద ఇంటికి పోతుంటే, గ్రానైట్ లారీ నుంచి రాలిన రాళ్ల ముక్కల మీద అన్న బండి జారింది. కుడి భుజం రోడ్డుకు కొట్టుకుంది, తల ఎడమవైపు విరుచుకుపోయింది. బయటికి కనిపించిన దెబ్బ మెడ కింది ఎముక విరగడమొక్కటే. ఆ ఎముకకు కట్టు కట్టారు, ఆరు వారాల్లో అతుక్కుంది. కానీ చెయ్యి లేవలేదు. మెడలోంచి చేతికి దిగే నరాలు అక్కడ జడలాగా అల్లుకుని ఉంటాయి. భుజం ఒకవైపు, తల ఒకవైపు గుంజుకుపోయినప్పుడు ఆ జడలో పై పాయలు తెగాయి. తెగాయని ఈరోజు రాస్తున్నాను. ఆరోజు ఎముకల డాక్టరు "నరం గుంజుకుపోయింది, మూడు నెలల్లో వస్తది, చెల్లె ఉన్నది గదా, కరెంటు పెట్టించుకో" అన్నాడు.

అన్న వేళ్లు బాగానే పనిచేసేవి. దారం పట్టుకునేవాడు, ముడి వేసేవాడు, గ్లాసు గట్టిగా పట్టుకునేవాడు. గ్లాసును నోటిదాకా తెచ్చుకోలేడు. భుజం లేవదు, మోచేయి వంగదు. పనిచేసే చెయ్యి పనికిరాని కొమ్మ చివర వేలాడుతున్నట్టు ఉండేది. సాంచల మధ్య నిలబడే మనిషికి తెగిన పోగును రెప్పపాటులో అందుకోవడమే పని, అందుకే మూడు నెలలన్న మాటను అన్న గట్టిగా పట్టుకున్నాడు. చెయ్యి వస్తే సాంచల దగ్గరికి, రాకపోతే ఇంట్లో వదిన బీడీల చేట పక్కకు. ఇంకో దారి లేదు.

మా క్లినిక్ నడిపే సారు పెద్దాయన. మెథడిస్టు చర్చికి పోయే కుటుంబం. పొద్దున మొదటి పేషెంటును పిలిచే ముందు గోడవైపు తిరిగి రెండు నిమిషాలు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకునేవాడు. దేవుడి విషయంలో ఎంత నిష్ఠో, పేపరు విషయంలోనూ అంతే. నరం దెబ్బతిన్న పేషెంటు ఎవరైనా సరే, మూడు వారాలకోసారి రెండు రకాల కరెంటుతో పరీక్ష చేసి, కండ పలికిందో లేదో కాగితం మీద రాయాలి. రాయకపోతే ఆ రోజు మనతో మాట్లాడడు.

ఆ రెండు రకాలేమిటో చెప్పాలి. మా పాత పెట్టెలో ఒక మీట ఇటు తిప్పితే పొట్టి కరెంటు వస్తుంది. చిన్న చిన్న దెబ్బలు, ఒక్కోటి కన్ను గుర్తుపట్టలేనంత పొట్టి. దానికి కండను నేరుగా కదిలించే శక్తి లేదు. అది నరాన్ని తడుతుంది, నరం కండను లేపుతుంది. నరం బతికుంటేనే కదలిక. మీట అటు తిప్పితే పొడుగు కరెంటు. ఒక్కో దెబ్బ ఎక్కువసేపు నిలబడుతుంది. దానికి నరంతో పనిలేదు, కండ మీదనే పడుతుంది. నరం తెగిన కండ కూడా దానికి కదులుతుంది. కాకపోతే ఆ కదలిక వేరు. మంచి కండ చటుక్కున ఎగిరిపడుతుంది. నరం లేని కండ వానపాము మెదిలినట్టు మెల్లగా ముడుచుకుని మెల్లగా వదులుతుంది. ఇది మాకు కాలేజీలోనే చెప్పారు. పరీక్షలో రాశాను, మార్కులు కూడా బాగానే వచ్చాయి.

రెండో నెల ఒక ఆదివారం అన్న ఇంట్లో, తలుపు దగ్గర వెలుతురులో కుర్చీ వేసి కూర్చోబెట్టాను. క్లినిక్‌లో మూలపడ్డ పాత పెట్టె ఒకటి సారును అడిగి తెచ్చుకున్నాను. ఉప్పునీళ్లలో తడిపిన స్పాంజి మెడ వెనక కట్టాను, పెన్నులాంటి కొనను దండచేతి మీద, భుజానికీ మోచేతికీ మధ్య కండ మీద పెట్టాను. ముందు పొట్టి కరెంటు. కొంచెం పెంచాను. ఇంకొంచెం పెంచాను. అన్న పళ్లు బిగించాడు. దండచేయి రాయిలాగా కదలకుండా ఉంది. ఇటు జరిపాను, అటు జరిపాను. స్పాంజి ఆరిపోయిందేమో అనుకుని మళ్లీ తడిపాను. ఆ స్పాంజి ఆరలేదు. నీళ్లు కారుతూనే ఉన్నాయి, అన్న బనియను తడిసింది. అయినా ఆరిందనే అనుకున్నాను.

"ఏందే చెల్లె, కరెంటు పోయిందా?" అన్నాడు అన్న.

"స్పాంజి మంచిగ లేదన్నా" అని మీట అటు తిప్పాను.

పొడుగు కరెంటుకు కండ కదిలింది. మెల్లగా ముడుచుకుంది, ముంజేయి నాలుగు వేళ్ల ఎత్తు లేచింది, మెల్లగా దిగింది. నేను ఆ మెల్లదనాన్ని చూశాను. చూసీ చూడనట్టు ఉన్నాను. వదిన మాత్రం బీడీల చేట పక్కన పడేసి, తునికాకు దుమ్ము చేతులతోనే లేచి వచ్చింది.

"లేసింది! చెయ్యి లేసింది! మల్ల పెట్టు, మల్ల పెట్టు" అంది. ఫోన్ తీసి వీడియో పట్టింది. ఆ రోజంతా అది ఆమె స్టేటస్‌లో ఉంది. పక్కింటి వాళ్లు వచ్చి చూసిపోయారు. చెల్లె చదివిన చదువు అన్నకు పనికొచ్చిందని నా ముఖం మీదే అన్నారు. నాకు గర్వంగా అనిపించింది. సిగ్గు లేకుండా రాస్తున్నాను, నిజంగానే గర్వపడ్డాను. పరీక్ష కాగితంలో పొడుగు కరెంటు గడిలో 'ఉంది' అని రాశాను. పొట్టి కరెంటు గడి ఖాళీగా వదిలేశాను.

ఆ మధ్యాహ్నం అన్నం తింటూ, ఎడమచేత్తో తడబడుతూ కలుపుకుంటూనే, అన్న తన లెక్క చెప్పాడు.

"సాంచ ఆగిందనుకో. మేం ఊకె పరేషాన్ గాం. మొదలు పట్టా గుంజి చక్రం చేత్తోని తిప్పి చూస్తం. తిరిగిందా, సాంచ మంచిగనే ఉన్నట్టు. తర్వాత మోటరుకు డైరెక్టు కరెంటిస్తం. తిరిగిందా, మోటరు సుత మంచిగనే ఉన్నది. ఇగ తప్పంత నడుమ వైరుల. నా చెయ్యి నువ్వు వంచితే వంగుతుంది, కరెంటు పెడితే లేస్తుంది. అంటే సాంచకు ఫికర్ లేదు, మోటరుకు ఫికర్ లేదు. వైరొక్కటే."

అంత సరిగా మా ప్రొఫెసర్ కూడా చెప్పలేదు. అన్న ఏడో తరగతితో ఆపేసిన మనిషి, అక్షరం పొల్లుపోకుండా తన జబ్బు తానే కనిపెట్టాడు. నోట్లో ముద్ద అలాగే ఉండిపోయి అతని ముఖంలోకి చూస్తుండిపోయాను. అప్పుడు అతను ఇంకో మాట అన్నాడు.

"వైరుదేమున్నది, ఎప్పుడన్న జోడియ్యచ్చు. మా ఆసామి మోటరు రెండేండ్లు మూలకు పడి ఉండె. మొన్న వైరు జోడిస్తె గిర్రున తిరిగింది."

అన్న చేసిన తప్పు అదొక్కటే. మోటరు ఎన్నేళ్లయినా మూలన పడి ఉంటుంది. కండ ఉండదు. నరం లేకుండా వదిలేస్తే నెల నెలకూ చచ్చిపోతుంది, తర్వాత ఎంత మంచి నరం తెచ్చి జోడించినా అందుకునే దిక్కు ఉండదు. ఆరు నెలల్లోపు కత్తి పెట్టాలి. ఆ సంగతి నాకు తెలుసు. "లేదన్నా, కండ ఆగదు" అని మూడు మాటలు అంటే సరిపోయేది. అంటే, ఎందుకు ఆగదో చెప్పాలి. చెప్తే, పొద్దున నేను చూసిందేమిటో చెప్పాలి. వదిన స్టేటస్ తీసేయమని చెప్పాలి. నేను పెరుగు వేసుకుని అన్నం ముగించాను.

మూడో నెలలో సారు అడిగాడు. "మీ అన్న పేపరేదమ్మా?"

"ఇంటి దగ్గర్నే చేస్తున్న సార్. చెయ్యి వస్తుంది" అన్నాను.

"వస్తే మంచిదే. రాకపోతే మాత్రం ఇంటి మనిషని మొహమాటపడకు. హైదరాబాద్‌ల నరాల ఆపరేషన్ చేసేటాయన దగ్గరికి పంపు. చిట్టీ నేనే రాసిస్త" అన్నాడు.

ఆ వారం అన్నతో ఆ మాట ఎత్తాను. నిజానికి ఎత్తలేదు, విసిరి చూశాను. "హైదరాబాద్ పోయి ఒకసారి చూపించుకుందామా?" అన్నాను, వదినకు జడ వేస్తూ, ముఖం కనిపించకుండా. అన్న నవ్వాడు. అప్పుడు చీరల ఆర్డరు నడుస్తోంది. ఊరంతా సాంచలు ఆగకుండా తిరిగే కాలం. ఏడాదిలో అలాంటి నెలలు కొన్నే ఉంటాయి. ఒక చేత్తోనైనా షెడ్డులో నిలబడితే ఆసామి జాగా ఉంచుతాడు, లేకపోతే ఇంకొకర్ని పెట్టుకుంటాడు.

"సీజన్ అయినంక పోదం తియ్. వైరెక్కడికి పోతది?" అన్నాడు.

నాకు హాయిగా అనిపించింది. ఈ మాట రాయడానికి ఇన్నాళ్లు పట్టింది. అన్న పోనన్నందుకు నాకు కోపం రాలేదు, భయం వేయలేదు, గుండెల మీది బరువు దిగినట్టు హాయిగా అనిపించింది. పోదామని నేనైతే అడిగాను గదా అని నాకు నేను చెప్పుకున్నాను.

ఆ తర్వాత నెలలన్నీ ఒకేలా గడిచాయి. రోజూ కరెంటు పెట్టడం వదినకు నేర్పించాను. బీడీలు చుట్టే వేళ్లు కదా, కండ మీద ఏ చోట పెన్ను పెడితే లేస్తుందో నాకంటే బాగా పట్టేది. పొద్దున ముప్పైసార్లు, సాయంత్రం ముప్పైసార్లు, పెదాలు కదుపుతూ లెక్కపెట్టేది. పొడుగు కరెంటు చర్మాన్ని కాలుస్తుంది. అన్న దండచేతి మీద ఎర్రటి మచ్చలు, అవి మాని నల్లటి మచ్చలు, వాటి పక్కన కొత్తవి. అన్న ఒక్కరోజు వద్దనలేదు. షెడ్డులో కుడిచేతిని తువ్వాలతో మెడకు వేలాడదీసుకునేవాడు. వేళ్లు దారానికి అందేంత ఎత్తులో తువ్వాల ముడి సరిచేసుకుని, ఒంటినే ముందుకు వంచి పోగులు అతికేవాడు. ఒకసారి షెడ్డుకు పోయి చూశాను. సాంచల మోతలో అతను నన్ను చూడలేదు. చూడకముందే తిరిగి వచ్చేశాను.

చెయ్యి సన్నబడుతూ పోయింది. ముందు నాలుగు వేళ్ల ఎత్తు లేచేది రెండు వేళ్లకు వచ్చింది. వదిన నన్ను అడిగితే పెట్టె పాతదైందని చెప్పాను. స్పాంజి అయిపోయింది, ఇప్పుడు పెట్టె మీద పడ్డాను.

పదకొండో నెలలో మా క్లినిక్‌కు అయస్కాంతం మిషిన్ వచ్చింది. కంపెనీవాళ్లు పదిహేను రోజులు వాడి చూడమని పెట్టిపోయారు. దోశ పెనం అంత తట్ట, దానికో లావుపాటి వైరు, మంచం పక్కన చక్రాల బండి మీద పెట్టె. స్పాంజి లేదు, ఉప్పునీళ్లు లేవు, ఒంటికి ఏదీ అంటించక్కర్లేదు. తట్టను బట్టల మీదనుంచే పెడితే చాలు. లోపల తీగచుట్టలో కరెంటు ఒక్కసారి మెరిసి ఆగుతుంది, దాంతో అయస్కాంతం పుట్టి చర్మాన్ని దాటి లోపలికి పోతుంది, అక్కడ నరాన్ని తట్టి లేపుతుంది. టక్ టక్ టక్ అని చప్పుడు. చర్మం మీద మంట లేదు, మచ్చ లేదు. పాత కరెంటు అందుకోలేనంత లోతుకు పోతుంది.

మొదటి రెండు రోజులు మేమంతా దాని చుట్టే తిరిగాం. ఆదిలాబాద్ నుంచి వచ్చి ఇక్కడ చుట్టాలింట్లో ఉంటున్న ఒకామె వచ్చేది, జిన్నింగు మిల్లులో పత్తి ఎత్తే పని. మోకాలి ఆపరేషన్ తర్వాత తొడ కండ పడుకుండిపోయింది. పాత కరెంటు పెట్టాలంటే చీర పైకి జరపాలి, ఆమె ఒప్పుకునేది కాదు, తలుపు గడియ రెండుసార్లు చూసుకుని, అయినా సగమే జరిపేది. ఇప్పుడు చీర మీదనే తట్ట పెడితే తొడ గట్టిగా ముడుచుకుంది. ఆమె నోరు తెరుచుకుని నవ్వింది.

"గిది మంచిగున్నది బాయీ. గుచ్చుకుంటలే, కాలుతలే. గిన్ని రోజులు గిదెందుకు పెట్టలే?" అంది.

ఆమె నవ్వు చూసి నాకు ఆశ పుట్టింది. ఎంత పిచ్చి ఆశో ఇప్పుడు చెప్పగలను. ఆమె తొడలో నరం నిక్షేపంగా ఉంది, కండకే బలం లేదు. మా అన్న కేసు దానికి పూర్తిగా తలకిందులు. నరంతో పనిచేసే మిషిన్ నరం లేని చోట ఏం చేస్తుందో ఫిజియోథెరపీ చదివిన ఎవరైనా చెప్తారు. అయినా లోతుకు పోతుంది గదా, బలమైనది గదా, ఎక్కడో ఒక పోగు మిగిలి ఉంటే లేపుతుందేమో అనుకున్నాను. కరెంటు పెట్టమని మెట్లెక్కి వచ్చే జనాన్ని ఇన్నేళ్లు వెక్కిరించిన దాన్ని, మిషిన్ చూసి వాళ్లలాగే అయిపోయాను. అన్నకు ఫోన్ చేసి రేపే రమ్మన్నాను.

అన్న, వదిన ఇద్దరూ వచ్చారు. అన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మిషిన్ పెట్టి చూపించడానికి కంపెనీ నుంచి వచ్చినాయన నడివయసు మనిషి, చాలా మర్యాదగా ఉన్నాడు. జేబులో ఫోన్, వాచీ తీసి దూరంగా పెట్టమన్నాడు. ఒంట్లో ఎక్కడైనా లోహం ఉందా అని అడిగాడు. లేదన్నాం. ముందు మంచి చేతికి పెట్టి చూపిస్తానని ఎడమ భుజం పైన, మెడ పక్కన తట్ట పెట్టాడు. టక్ అన్నది. చొక్కా మీదనుంచే ఎడమచెయ్యి మొత్తం ఎగిరిపడింది. అన్న ఉలిక్కిపడి నవ్వాడు. వదిన ఫోన్ తీసి వీడియో పట్టడానికి సిద్ధంగా నిలబడింది.

తట్ట కుడివైపుకు వచ్చింది. టక్. వేళ్లు కదిలాయి, చిటికెనవేలు ముడుచుకుంది. భుజం కదల్లేదు. దండచేయి కదల్లేదు. ఆయన కొంచెం పెంచాడు. టక్. వేళ్లు ఇంకా గట్టిగా ముడుచుకున్నాయి. తట్టను కిందికి తెచ్చి నేరుగా దండచేతి మీదనే పెట్టాడు. ఇంకా పెంచాడు. గది అంతా ఆ చప్పుడు. చొక్కా చేతిలో ఏమీ కదల్లేదు. ఆయన నావైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను.

అన్న అడిగాడు. "సార్, గిది వైరు మీద పనిచేస్తదా, మోటరు మీదనా?"

ఆయనకు అర్థం కాలేదు. అన్న వేలితో మెడ నుంచి చేతిదాకా గీత గీసి, "గిది వైరు" అని, దండచేయి పట్టుకుని "గిది మోటరు" అన్నాడు.

"ఓ, అదా. ఇది నరం మీదే సార్. వైరు ఉంటేనే పనిచేస్తుంది."

"మరి పాత మిషిన్? మా ఇంట్ల ఉన్నది?"

"అందులో పొడుగు కరెంటు అయితే కండ మీదే డైరెక్టుగా పడుతుంది సార్. దానికి వైరు అక్కర్లేదు."

అన్న కాసేపు తన చేతినే చూసుకున్నాడు. వదిన ఫోన్ ఇంకా పట్టుకునే ఉంది, అందులో వీడియో నడుస్తూనే ఉంది.

"అంటె పదకొండు నెలలసంది మేం మోటరు తిప్పుకుంట కూసున్నం" అన్నాడు అన్న. ఎవరితో అన్నాడో తెలియదు.

సారు ఆ పూటే చిట్టీ రాశాడు. నాతో ఏమీ అనలేదు, చిట్టీ కోసం నా దగ్గర తీసుకున్న, ఖాళీ గడి ఉన్న ఆ కాగితం మాత్రం తిరిగి నా టేబుల్ మీద పెట్టి పోయాడు. తర్వాతి వారం అన్నను తీసుకుని హైదరాబాద్ పోయాను, వదిన రాలేదు. అక్కడి డాక్టరు కండలోకి సూది గుచ్చి పరీక్ష చేయించాడు, ఫిల్ములు చూశాడు. మాటలు మెత్తగానే అన్నాడు. పై నరాలు పూర్తిగా తెగాయి, కండ చాలావరకు కొవ్వుగా మారిపోయింది, ఇప్పుడు నరం కలిపినా అందుకునేందుకు అక్కడ ఏమీ లేదు అన్నాడు. తొడ నుంచి కండ తీసి చేతికి పెట్టే పెద్ద ఆపరేషన్ ఒకటుంది, దానికీ హామీ లేదన్నాడు. చివరికి నన్ను చూస్తూ, "మీరు ఫిజియోనా? ఆరు నెలల్లోపు ఎందుకు తేలేదు?" అని అడిగాడు.

"నేనే సీజన్ అయినంక వస్తనన్న సార్" అన్నాడు అన్న.

నన్ను కాపాడాడు. అది కాపాడటమని అతనికి తెలియదు, నిజంగానే తన తప్పే అనుకున్నాడు. ఆ మాట మీద నేను నోరు మూసుకుని బతికేయొచ్చు. ఎవరికీ తెలిసేది కాదు. తిరుగు బస్సులో సిద్దిపేట దాటేదాకా నోరు మూసుకునే ఉన్నాను. అన్న ఎడమచేత్తో కుడి మోచేతిని ఎత్తి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు, బస్సు ఎగిరినప్పుడల్లా అది జారేది, మళ్లీ ఎత్తి పెట్టుకునేవాడు. మూడోసారో నాలుగోసారో జారినప్పుడు నాకు ఏడుపు ఆగలేదు.

"అన్నా, నీ తప్పు కాదు. నాకు రెండో నెలలనే తెల్సింది."

"ఏం తెల్సింది?"

"వైరు లేదని. పొట్టి కరెంటు పెట్టి చూసిన గదా. కండ పలుకలే. నీకు స్పాంజి మంచిగ లేదని చెప్పిన."

అన్న ముందు సీటు కడ్డీ వంక చూశాడు. తర్వాత ఒక్కొక్కటే అడిగాడు, గొంతు పెంచకుండా.

"అప్పుడే పోతే చెయ్యి వచ్చేదా?"

"ఖాయమని చెప్పలేను. వచ్చే దారి మాత్రం ఉండె."

"వైరు ఎప్పుడన్న జోడియ్యచ్చు అని నేను అన్న దినం, కాదని నీకు ఎరికేనా?"

"ఎరికే."

"ఎందుకు చెప్పలే?"

"భయమైంది అన్నా. మీరంత సంబురంగ ఉండిరి."

"చెయ్యి నాది గదా" అన్నాడు.

అంతే. బస్సు దిగాక ఒక్కమాట అన్నాడు, "మీ వదినెకు నువ్వే చెప్పు" అని. చెప్పాను. వదిన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేదని ఎంత కోరుకున్నానో. "పొద్దున ముప్పై, మాపున ముప్పై. గదంత ఉత్తదేనా?" అని మాత్రం అడిగింది. పూర్తిగా ఉత్తది కాదు వదినా, కండ తొందరగా ఎండిపోకుండా కొంత కాసి ఉండొచ్చు అని పుస్తకంలో మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. అన్న చేతి మీది కాలిన మచ్చలను ఆమె ఒక్కొక్కటిగా తడుముతూ ఉంటే బ్యాగు తీసుకుని బయటికి వచ్చాను. ఆ తర్వాత ఏ శనివారమూ ఆ ఇంటికి పోలేదు. రమ్మని వాళ్లూ అనలేదు.

రెండు నెలల తర్వాత అన్న మా క్లినిక్‌కు వచ్చాడు. కండ పట్టు లేని చెయ్యి బరువుకు భుజం కీలు కిందికి జారుతుంది, ఆ నొప్పి భరించలేనిది. వదిన వెంట ఉంది. ముందుగా ఫోన్ చేయలేదు. ముందు కౌంటర్ దగ్గర పేరు రాయించుకుని, పేషెంట్ల బెంచీ మీద వరుసలో కూర్చున్నాడు. నేను పరుగున బయటికి పోయి లోపలికి రమ్మన్నాను. "మా నంబర్ రానియ్యి" అని వదిన తల దించుకుంది. వాళ్ల ముందు నలుగురున్నారు. ఆ నలుగురికీ నేనేం చేశానో నాకు గుర్తులేదు.

నంబర్ వచ్చింది. అన్న వచ్చి స్టూలు మీద కూర్చుని చొక్కా గుండీలు ఎడమచేత్తో విప్పుకున్నాడు. నేను సాయం చేయబోతే భుజం కొద్దిగా వెనక్కి తీసుకున్నాడు. కీలును పైకి ఎత్తి పట్టే పట్టీ కట్టాను. బకిల్ రెండుసార్లు జారింది. అతను ఓపికగా కూర్చున్నాడు.

"నొప్పి తగ్గిందా అన్నా?"

"జర తగ్గింది. రోజంత కట్టుకోవాల్నా మేడం?"

నాకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. వదిన వైపు చూశాను. ఆమె గోడ మీది క్యాలెండర్ చూస్తోంది. అతని గొంతులో వెటకారం లేదు, కోపం లేదు. బయట బెంచీ మీద కూర్చున్న నలుగురూ నాతో ఎలా మాట్లాడారో అలాగే మాట్లాడాడు.

"పడుకున్నప్పుడు తీసెయ్యొచ్చు" అన్నాను.

"సరే మేడం. మల్ల ఎప్పుడు రమ్మంటరు?"

సోమవారం రమ్మన్నాను.